భుజం కమలకుండా .45-70 కాల్చడం: మొదటిసారి లివర్ రైఫిల్ పట్టేవాళ్ళకి

లివర్ యాక్షన్ రైఫిల్ అంటే పాత కౌబాయ్ సినిమాల్లో గుర్రం మీద వెళ్ళేవాడి చేతిలో ఉండేదే. ట్రిగ్గర్ కింద ఉన్న ఇనుప కడియాన్ని కిందికి తోసి మళ్ళీ పైకి లాగితే కాలిన గుల్ల బయటికి ఎగిరిపోయి, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. చూడ్డానికి సరదాగా ఉంటుంది కదా, డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు షూటింగ్ రేంజ్‌కి వెళ్తే ముందు దాని మీదే కన్నేస్తారు. అందులో వేసే తూటా .30-30 లాంటి మధ్యరకందైతే పర్వాలేదు. ఎవరో ఫ్రెండ్ ఉత్సాహపడి .45-70 అనే లావుపాటి తూటా వేసేది చేతిలో పెడితే మాత్రం మొదటి దెబ్బకే భుజం పట్టుకుని కూర్చుంటారు. పక్కనున్నవాళ్ళు దాన్ని ఫోన్‌లో తీసి గ్రూపులో పెట్టి నవ్వుకుంటారు. ఈ సరదా నాకు అస్సలు నచ్చదు. అలా నేర్పితే ఆ మనిషి మళ్ళీ తుపాకి ముట్టుకోదు. పైగా బెదిరిన మనిషి చేతిలో ఉన్న తుపాకి ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. బరువు చెప్పను. నా దగ్గర ఉన్నది మార్లిన్ 1895 గైడ్ గన్. మార్లిన్‌ని 2020లో రూగర్ కంపెనీ కొన్న తరవాత చేసినది. 19 అంగుళాల బ్యారెల్, ఖాళీగా తూస్తే ఏడున్నర పౌన్లకి కాస్త తక్కువ. అంత తేలికపాటి తుపాకిలో అంత లావు తూటా వేస్తే గట్టిగా తన్నక ఏం చేస్తుంది? అయినా కండబలం లేకుండానే దీన్ని హాయిగా కాల్చొచ్చు. తూటా ఎంచుకోవడంతో సగం పని అయిపోతుంది, మిగతా సగం నిలబడే తీరులో ఉంది. మా తోడికోడలు నాకంటే పొట్టి, తనూ ఇలాగే నేర్చుకుంది.

అసలు విషయంలోకి వెళ్ళేముందు వీసా సంగతి. ఇది చాలామంది పట్టించుకోరు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని పట్టుకున్నా "దగ్గర ఉండటం" కిందకే రావచ్చు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్ళకి పనికొచ్చేది హంటింగ్ లైసెన్స్. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే ఆ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో ఈ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జులైలో కొని ఏడాదంతా పనికొస్తుందనుకుని సెప్టెంబర్‌లో రేంజ్‌కి వెళ్తే చట్టం దృష్టిలో మీ దగ్గర లైసెన్స్ లేనట్టే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. ఇంకా అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. "మా రూమ్మేట్ వెళ్ళాడు, ఏం కాలేదు" అన్నది సమాధానం కాదు, దీని మీద రాబోయే గ్రీన్ కార్డే పోవచ్చు.

ఇక తూటా. .45-70 అనేది 1873లో అమెరికా సైన్యం స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ కోసం తెచ్చిన తూటా. .45 అంటే అంగుళంలో నూటికి నలభై అయిదు వంతుల వెడల్పు, 70 అంటే అందులో పోసే నల్ల తుపాకిమందు డెబ్భై గ్రెయిన్లు. బుల్లెట్ బరువు 405 గ్రెయిన్లు, అంటే 26 గ్రాములు. మన లెక్కలో రెండు తులాల పైమాటే. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్ళినవాళ్ళు బోర్లా పడుకుని .22 కాల్చి ఉంటారు. ఆ బుల్లెట్ నలభై గ్రెయిన్లు ఉంటుంది. దీంట్లో పదోవంతు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నూట యాభై ఏళ్ళ నాటి ఈ గుల్లలోనే ఇప్పుడు రకరకాల మోతాదులు నింపి అమ్ముతున్నారు. ఆ పాత స్ప్రింగ్‌ఫీల్డ్ తట్టుకునేలా మెత్తగా నింపినవి ఒక రకం. మార్లిన్ లాంటి కొత్త లివర్ రైఫిళ్ళ కోసం గట్టిగా నింపినవి ఇంకో రకం. వాటికంటే ఘాటైనవి రూగర్ నంబర్ 1 లాంటి బలమైన సింగిల్ షాట్ (ఒక్కో తూటా వేసి కాల్చే) రైఫిళ్ళకి. డబ్బా మీద అన్నిటికీ ".45-70 గవర్నమెంట్" అనే ఉంటుంది. కాబట్టి పేరు చూసి కాదు, బుల్లెట్ బరువూ వేగమూ చూసి కొనాలి. 405 గ్రెయిన్లు, సెకనుకి 1300 అడుగుల దరిదాపుల్లో ఉంటే అది మెత్తటి తూటా. "కౌబాయ్" అని రాసి ఉన్నవి, సీసం బుల్లెట్లవి సాధారణంగా ఈ కోవలోకే వస్తాయి. 325 గ్రెయిన్లు, 2050 అడుగులు అని ఉంటే అది వేటకి వాడే గట్టి సరుకు. బుల్లెట్ బరువు తగ్గింది కదా, తన్ను కూడా తగ్గుతుందనుకుంటే పొరపాటు. వేగం పెరిగింది, మందూ పెరిగింది. నా తుపాకి బరువుతో లెక్క వేస్తే మెత్తటి తూటాకి వెనక్కి వచ్చే శక్తి సుమారు 20 ఫుట్-పౌన్లు, గట్టిదానికి 35 దాకా. .30-30కి 12, 13 ఉంటుంది. ఏఆర్-15కి నాలుగు చుట్టూ. మెత్తటి తూటాతో మొదలుపెడితే .30-30 కాల్చినవాళ్ళు ఎక్కే మెట్టు మరీ ఎత్తుగా ఉండదు. అదే తుపాకి, అదే పేరున్న తూటా, కానీ దెబ్బలో దాదాపు రెట్టింపు తేడా. మొదటిరోజు ఫ్రెండ్ ఏ డబ్బా తెచ్చాడో చూడకుండా రైఫిల్ భుజానికెత్తకండి. డబ్బా మీద "+పీ" అనో "మాగ్నం" అనో ఉంటే మర్యాదగా వద్దనండి. పాత తుపాకి ఏదైనా తాతగారి ఆస్తిగా వచ్చిందంటే అందులో మెత్తటివి తప్ప వేయకూడదు, అదీ గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) చూశాకే.

ఈ తుపాకిలో తూటాలు బ్యారెల్ కింద ఉన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనక తూటా ముక్కు, ముందు తూటా వెనకభాగంలో ఉన్న ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే మందుని అంటించే చిన్న బిళ్ళకి) ఆనుకుని ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే, తుపాకి తన్నినప్పుడు ఆ మొన ప్రైమర్‌ని పొడిచి గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది. అందుకే వీటికి మొండి ముక్కు బుల్లెట్లే వాడతారు. హార్నడీ వాళ్ళు మొనకి మెత్తటి రబ్బరులాంటి ముక్క పెట్టి చేసినవి మాత్రం ఇందులో వేయొచ్చు. ధర కూడా తెలుసుకోండి: ఇరవై తూటాల డబ్బా నలభై డాలర్ల నుంచి డెబ్భై దాకా పలుకుతుంది. ఒక్కో టపాకాయ రెండు నుంచి మూడున్నర డాలర్లన్నమాట. ఇంట్లో ఈ లెక్క చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

రేంజ్‌కి ఏం వేసుకెళ్ళాలి అన్నది మగవాళ్ళు రాసిన గైడ్‌లలో దొరకదు, కాబట్టి నేను చెప్తాను. మెడ దాకా మూసుకుని ఉండే టీ షర్ట్ వేసుకోండి. పక్కవాళ్ళ తుపాకి లోంచి ఎగిరిన గుల్ల వచ్చి మెడలో పడితే కాలుతుంది. కాలినప్పుడు మనిషి ఎగిరి గంతేస్తుంది, చేతిలో తుపాకి ఉందన్న సంగతి మర్చిపోతుంది. మంగళసూత్రం, నల్లపూసలు, ఏ గొలుసైనా సరే కుడి భుజం ఎముక మీదికి రాకుండా ఎడమవైపు జరిపి లోపలికి వేసుకోండి. బట్ (భుజానికి ఆనే తుపాకి వెనక చివర) కింద పూస నలిగితే వారం రోజులు దాని అచ్చు కనిపిస్తుంది. బ్రా స్ట్రాప్‌కి ఉండే ప్లాస్టిక్ లాక్ సరిగ్గా బట్ ఆనేచోటే ఉంటుంది, దాన్ని వీపు వైపుకి జరుపుకోవాలి. బుట్టకమ్మలు తీసేయండి, వాటి మీద ఇయర్ మఫ్ సరిగ్గా కూర్చోదు. జడ ముందుకి పడకుండా వెనక ముడి పెట్టుకోండి.

చెవుల రక్షణ రెండు పొరలు ఉండాలి. లోపల నురగ ప్లగ్గులు, పైన మఫ్‌లు. తుపాకి చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, అంత చప్పుడు ఒక్కసారి విన్నా చెవి దెబ్బతినొచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. కొత్తవాళ్ళు బెదిరేది సగం తన్నుకి, సగం చప్పుడుకి. చప్పుడు తగ్గితే తన్ను కూడా తగ్గినట్టే అనిపిస్తుంది. అందుకే మొదటిసారి నాలుగు గోడల మధ్య ఉండే రేంజ్‌కి కాకుండా బయటి రేంజ్‌కి వెళ్ళమంటాను. లోపలి రేంజ్‌లలో చప్పుడు గోడలకి కొట్టి మళ్ళీ మీదికే వస్తుంది. కొన్నిచోట్ల .45-70ని అసలు రానివ్వరు కూడా, ఫోన్ చేసి అడగండి. కళ్ళద్దాలు తప్పనిసరి. గర్భిణులు ఈ ముచ్చట బిడ్డ పుట్టాక తీర్చుకోవచ్చు, చప్పుడూ సీసమూ రెండూ మంచివి కావు. కంటి ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్ళు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇలాంటి తుపాకి జోలికి వెళ్ళొద్దు.

తుపాకి విషయంలో నాలుగు సూత్రాలు ప్రపంచమంతా ఒకటే. ప్రతి తుపాకిలోనూ తూటా ఉందనే అనుకోవాలి. కాల్చదలుచుకోని దాని వైపు మూతి తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. టార్గెట్ వెనక ఏముందో తెలియాలి. "రేంజ్ కోల్డ్" అన్నారంటే లివర్ తెరిచి తుపాకి బల్ల మీద పెట్టి వెనక్కి జరగాలి, "హాట్" అనేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఎవరైనా "సీజ్ ఫైర్" అని అరిస్తే, ఎందుకని అడక్కుండా ఆపేయాలి.

తూటా వేయకముందు ఖాళీ తుపాకితో చేయి అలవాటు చేసుకోండి. చాంబర్‌లోకి (కాల్చబోయే తూటా కూర్చునే చోటులోకి) తొంగి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, గొట్టంలో కూడా ఏమీ లేదని రూఢి చేసుకున్నాకే. డమ్మీ తూటాలు (పేలని ఉత్తుత్తివి) అమ్ముతారు, ఒక అరడజను కొనుక్కోండి. లోడ్ చేయడం దగ్గర కొత్తవాళ్ళకి వేలు నలుగుతుంది. తుపాకి కుడిపక్కన చిన్న తలుపు ఉంటుంది, స్ప్రింగ్‌తో మూసుకుంటుంది. తూటాని బొటనవేలితో పూర్తిగా లోపలికి తోశారంటే తలుపు టక్కున మూసుకుని గోరు కింద పట్టుకుంటుంది. కిటుకు ఏంటంటే, తూటాని ముప్పాతిక దాకా తోసి ఆపండి. దాని వెనకభాగం తలుపుని కాస్త తెరిచి పట్టుకుంటుంది. తరవాతి తూటా ముక్కుతో దాన్ని లోపలికి నెట్టండి. చివరిదాన్ని మాత్రమే వేలితో పూర్తిగా తోయాల్సి వస్తుంది.

లివర్ తిప్పేటప్పుడు మొహమాటపడకూడదు. మన ఆడవాళ్ళు, ముఖ్యంగా ఖరీదైన వస్తువు అనగానే, దాన్ని గాజు సామాన్లలా మెల్లగా తిప్పుతారు. సగం దాకా వెళ్ళి వెనక్కి తెచ్చారంటే తూటా సగంలో ఇరుక్కుంటుంది. కిందికి ఆగేదాకా తోసి, ఒక్క ఊపులో పైకి తేవాలి. మూడు వేళ్ళు కడియంలో, చూపుడువేలు కడియం బయట చాచి ఉండాలి. ఆ వేలు లోపల ఉంచి లివర్ మూస్తే ట్రిగ్గర్‌కి తగిలే ప్రమాదం ఉంది. మార్లిన్‌లో ఇంకో సంగతి ఉంది. లివర్‌ని గట్టిగా పిడికిట్లో నొక్కి పూర్తిగా మూసేదాకా ట్రిగ్గర్ పనిచేయదు. "నొక్కుతున్నా పేలట్లేదు" అని కొత్తవాళ్ళు తుపాకిని ఇటు తిప్పి చూసేది ఇందుకే. అలా ఎప్పుడూ తిప్పకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి, లివర్ బిగించి చూడండి, పక్కనున్న సేఫ్టీ బటన్ చూడండి.

హ్యామర్‌ని (ట్రిగ్గర్ నొక్కితే పడి తూటాని పేల్చే సుత్తిలాంటి భాగాన్ని) బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించడం అనే పని చాంబర్‌లో తూటా ఉండగా మొదటిరోజు చేయనే చేయొద్దు. వేలు జారితే పేలుతుంది. దానికి సులువైన దారి ఉంది: మొదటిరోజు గొట్టంలో ఒక్క తూటానే వేయండి. కాల్చారా, లివర్ తెరిచి గుల్ల తీసేయండి, మళ్ళీ ఒకటి వేయండి. మనసు మారిందనుకోండి, లివర్ తెరిస్తే ఆ ఒక్క తూటా బయటికి వచ్చేస్తుంది, ఇక ఇంకేమీ లేదు.

ఇప్పుడు నిలబడే తీరు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

కుడిచేతివాళ్ళయితే కుడి మోచేతిని భుజం ఎత్తుకి లేపి, ఎడమచేతి వేళ్ళతో మెడ ఎముకకీ భుజం కీలుకీ మధ్య తడిమి చూడండి. మెత్తగా ఒక గుంట తగులుతుంది. బట్ అక్కడే ఉండాలి. కొంచెం బయటికి జరిగితే చేతి కండకి తగిలి నల్లగా కమిలిపోతుంది. లోపలికి జరిగితే మెడ ఎముక మీద తగులుతుంది, అది ఇంకా ఘోరం. ఆ గుంటలో బట్ పెట్టి ఎడమచేత్తో ముందు కట్టని (బ్యారెల్ కింద పట్టుకునే భాగాన్ని) వెనక్కి లాగి పట్టుకోవాలి. ఖాళీ ఉంచితే తన్ను తగ్గుతుందేమోనని కొందరు బట్‌ని భుజానికి అంగుళం దూరంలో పట్టుకుంటారు. అప్పుడు తుపాకి ఆ అంగుళంలో వేగం పుంజుకుని వచ్చి కొడుతుంది. భుజానికి అంటుకుని ఉంటే అది కొట్టదు, నెడుతుంది. .45-70 మెత్తటి తూటాతో వచ్చేది పెద్ద నెట్టుడే, ఓర్చుకోలేని దెబ్బ కాదు.

ఎడమకాలు ముందుకి, మోకాలు కాస్త వంచి, బరువు ముందుకాలి మీదికి. ముక్కు ముందుకాలి వేళ్ళ మీదికి వచ్చేంతగా వంగాలి. మనం సహజంగా చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తుపాకి బరువుకి నడుము వెనక్కి వంచి, పొట్ట ముందుకి పెట్టి నిలబడతాం. అలా నిలబడ్డ మనిషిని ఆ నెట్టుడు ఒకటి రెండడుగులు వెనక్కి నడిపిస్తుంది. మా తోడికోడలు మొదట అడిగింది కూడా అదే. "అక్కా, ఇది పేలితే నేను వెనక్కి పడిపోతానా?" అంది. "పడవే, కాకపోతే వెనక్కి వాలి నిలబడితే పడతావు" అన్నాను. భుజం మీద చేయి పెట్టి తోసి చూపించాను. వెనక్కి వాలి నిలబడ్డప్పుడు రెండు వేళ్ళతో తోస్తే కదిలిపోయింది. ముందుకి వంగాక అరచేత్తో తోసినా కదల్లేదు. ఈ పరీక్ష తూటా లేకుండానే చేసి చూసుకోవచ్చు, ప్రతి ఒక్కరూ చేయాలి.

చెంపని కట్టకి (బట్ దాకా ఉండే వెనకభాగానికి) ఆనించి ఉంచాలి. భయంతో తల ఎత్తితే కట్ట ఎగిరి వచ్చి దవడకి తగులుతుంది. ఆనించి ఉంటే తలా తుపాకీ కలిసి కదులుతాయి. బొటనవేలిని కట్ట మీదుగా అటువైపుకి చుట్టకుండా కుడిపక్కనే ఉంచండి. పొట్టివాళ్ళకి ఇది మరీ ముఖ్యం, తుపాకి వెనక్కి వచ్చినప్పుడు ఆ వేలి కణుపు ముక్కుకి తగులుతుంది. మధ్యవేలి వెనకభాగానికి కడియం తగిలి నొప్పెడుతుంటే పల్చటి తోలు గ్లవ్ వేసుకోండి. కొందరు కడియానికి తోలు తాడు చుడతారు, అందంగానూ ఉంటుంది.

మొదటిరోజు స్కోప్ (తుపాకి మీద బిగించే దుర్భిణి) వద్దు. కన్ను దానికి దగ్గరగా పెడితే తుపాకి తన్నినప్పుడు ఆ ఇనుప అంచు కనుబొమ్మని కోస్తుంది. బ్యారెల్ మీద ఉండే మామూలు సైట్లు (గురి చూసే గుర్తులు) చాలు. ముందున్న చుక్క మీద చూపు నిలపాలి. వెనక గాడీ, దూరంగా టార్గెట్టూ కాస్త మసగ్గా కనిపించినా పర్వాలేదు. టార్గెట్‌ని 25 గజాల్లో పెట్టుకోండి. వంద గజాల్లో పెట్టి కాగితం మీద ఎక్కడా చిల్లు కనిపించకపోతే ఉత్సాహం చచ్చిపోతుంది.

ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్‌ని లాగకుండా మెల్లగా నొక్కుతూ పోండి. ఎప్పుడు పేలుతుందో మీకే తెలియకూడదు. పేలాక వెంటనే తుపాకి దించేయకండి. మళ్ళీ ముందు చుక్క కనిపించేదాకా అలాగే ఉండి, భుజం మీది నుంచి తీయకుండానే లివర్ తిప్పండి. గుల్ల కుడిపక్కకి ఎగురుతుంది.

ఒకటి రెండు కాల్చాక అసలు శత్రువు బయటికి వస్తుంది. ఒంటికి దెబ్బ తెలిసిపోయింది కాబట్టి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూసుకుపోతాయి, భుజం ముందుకి తోస్తుంది, మూతి కిందికి వంగుతుంది. కాల్చినవాళ్ళకి ఇది తెలియదు, ఆ చప్పుడులో కలిసిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి లివర్ రైఫిల్ అంత వీలైనది ఇంకోటి లేదు. మీరు అటు తిరిగి ఉండగా మీ ఫ్రెండ్ గొట్టంలో మూడు నాలుగు వేయాలి, అందులో ఒకటి రెండు డమ్మీలు. ఏది ఎప్పుడొస్తుందో మీకు తెలియదు. ఇది ఒక్కొక్కటి వేసి కాల్చడం చేతికి బాగా అలవాటయ్యాకే, పక్కన తెలిసినవాళ్ళు ఉండగానే. మా తోడికోడలు వంతు వచ్చినప్పుడు డమ్మీ పడింది. "టిక్" అంది. తుపాకి మూతి మాత్రం రెండంగుళాలు కిందికి వంగింది. నేనేమీ అనలేదు. తనే నా వైపు చూడకుండా నవ్వి, "ఇంకోసారి వేయక్కా" అంది. ఆ తరవాత "టిక్" అన్నప్పుడు చుక్క కదలకుండా నిలబడింది. పోట్లాడి మాన్పించలేని అలవాటిది. ఒంటికి రుజువు చూపిస్తేనే మానుతుంది. మధ్యమధ్యలో .22 లివర్ రైఫిల్‌తో నాలుగైదు కాల్చడం కూడా మందులా పనిచేస్తుంది.

టిక్ అన్నది డమ్మీ వల్ల కాకపోతే కంగారుపడి లివర్ తెరవకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి అరనిమిషం, నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలేవి అరుదుగా ఉంటాయి. టపామని కాకుండా "ఫుస్" అని నీరసంగా వినిపించి, తన్ను కూడా సరిగ్గా రాకపోతే వెంటనే ఆపాలి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి, సిగ్గుపడేదేమీ లేదు.

మొదటిరోజుకి పది తూటాలు చాలు. డబ్బాలో ఇంకో పది మిగిలాయి కదా అని కాల్చడం పెళ్ళి భోజనంలో మొహమాటానికి తిన్నట్టే, అరక్క బాధపడేది మనమే. అలసిపోయిన భుజంతో కాల్చిన ప్రతి తూటా ఆ ముడుచుకునే అలవాటునే నేర్పుతుంది. ఎముక మీద నొప్పి వచ్చినా, వేళ్ళు తిమ్మిరెక్కినా అప్పుడే ఆపేయండి. ఇంటికొచ్చాక ఐస్ పెట్టుకుంటే చాలు.

సైట్లు సరిచేయడానికి బల్ల మీద కూర్చుని కాల్చాల్సి వస్తుంది. నిలబడి కాల్చినదానికంటే ఇది ఎక్కువ నొప్పెడుతుంది, ఆశ్చర్యంగా ఉంటుంది కానీ నిజం. నిలబడితే ఒళ్ళు వెనక్కి ఊగి దెబ్బని మింగేస్తుంది. బల్లకి పొట్ట ఆనించి ముందుకి వాలితే ఊగడానికి చోటుండదు. కాబట్టి ఇసుక సంచుల్ని ఎత్తుగా పెట్టుకుని, నిటారుగా కూర్చుని, బట్‌కీ భుజానికీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టుకోండి. సంచి మీద కట్టని ఆనించండి, బ్యారెల్‌ని కాదు. ఈ పని మీకంటే తెలిసినవాళ్ళు చేసిపెడితే ఇంకా మంచిది.

కట్ట పొడుగు కూడా చూసుకోవాలి. ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా ఈ తుపాకులకి సుమారు పదమూడున్నర అంగుళాలు ఉంటుంది. నాలాంటివాళ్ళకి అది కొంచెం ఎక్కువ. చేయి చాచి అందుకోవాల్సి వస్తే మనిషి తెలియకుండానే వెనక్కి వాలుతుంది, పైన చెప్పిందంతా పాడవుతుంది. గన్‌స్మిత్ దగ్గర కాస్త కోయించి మెత్తటి రబ్బరు ప్యాడ్ వేయించుకోవచ్చు. పాతకాలపు తుపాకులకి నెలవంకలా వంపు తిరిగిన ఇనుప బట్ ఉంటుంది. వాటితో .45-70 నేర్చుకోవడం దండగ.

మెత్తటి తూటాతో 50 గజాల్లో, నిలబడి, అరచేయంత వలయంలో వరసగా పడుతున్నాయంటే గట్టి తూటాలవైపు చూడొచ్చు. చూడాల్సిన పని ఉంటేనే సుమా. కాగితం మీద చిల్లుకి మెత్తటిదే చాలు. టెక్సస్ అడవిపందికి కూడా దగ్గర్లోంచి అదే ఎక్కువ. ఒక్కటి గుర్తుంచుకోండి, వంద గజాలకి సరిచేసిన మెత్తటి 405 గ్రెయిన్ల బుల్లెట్ రెండొందల గజాల దగ్గర రెండడుగుల కిందికి జారిపోతుంది. దూరం పెరిగితే అంచనా మీద కాల్చకూడదు, వదిలేయాలి. పందుల వేటకి పొలం యజమాని అనుమతి ఉంటే టెక్సస్‌లో లైసెన్స్ అడగరు. వీసా మీద ఉన్నవాళ్ళు ఈ మాట పట్టుకుని లైసెన్స్ మానేయకండి, మీకు అది కావాల్సింది పంది కోసం కాదు, తుపాకి పట్టుకోవడానికి. వేటకే వెళ్ళాలంటే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. పదిహేడేళ్ళు నిండితే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

బయల్దేరేముందు లివర్‌ని తెరిచి, చాంబర్ చూసి, వేలితో తడిమి, గొట్టంలో తూటాలు మిగల్లేదని ఇంకొకరితో కూడా చూపించండి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా చిప్స్ ప్యాకెట్ తెరవకండి, వేళ్ళకి సీసం అంటుకుని ఉంటుంది. ఆ బట్టలు వేరేగా ఉతకండి. కాల్చిన ఇత్తడి గుల్లలు మాత్రం అక్కడ వదలకండి. .45-70 గుల్లలకి మళ్ళీ మందు నింపుకునేవాళ్ళ దగ్గర మంచి గిరాకీ ఉంది. పక్క బెంచీ పెద్దాయన మీ కాళ్ళ దగ్గరికే చూస్తున్నాడంటే వాటి కోసమే.